పేరు వ్రాయబడని వారు

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున సంఘస్థుల సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సభ గనుక మిషనెరీల చరిత్ర చెప్పుతామని మీలో చాలామంది అనుకొని ఉంటారు. ఆ చరిత్రను మాకంటె బాగుగా ఎరిగిన పెద్దలు ఉదయమే చెప్పినారు. మేము వేరొక సంగతి చెప్పదలచాము. స్కాట్లండు దేశములో తమ పూర్వికులను వెదకువారు పాత సంఘపు రిజిష్టరులను ఎట్లు చదువుతారో, ఆ పుస్తకములు ఎవరిని భద్రపరచినవో, ఎవరిని విడిచిపెట్టినవో చెప్పుతాము. ఎక్కడో ఉన్న దేశపు గొడవ మనకెందుకు అని మీకు తోచవచ్చును. చివరివరకు ఓపికతో వినవలెనని మా మనవి.

ఎనిమిది సంవత్సరముల క్రితము మేము ఒక పట్టణ సంఘములో ఉన్నప్పుడు, ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత న్యూజీలాండు నుండి వచ్చిన ఒక పెద్దమ్మగారు మమ్మును కలిశారు. డెబ్బది ఏండ్ల మనిషి, ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించినవారు. వారి పూర్వికులు స్కాట్లండు నుండి ఓడలో డనీడన్ అను పట్టణమునకు వలస వెళ్ళినవారు. స్కాట్లండు ఫ్రీ చర్చి వారు 1848లో స్థాపించిన ఊరు అది. ఆ కుటుంబములో ఒక తమ్ముడు మాత్రము అటు పోక, మన మద్రాసు రాజధానికి వచ్చి, రైలుదారి పనిలో చేరి, ఇక్కడనే చనిపోయినాడట. అతని సమాధి చూడవలెనని ఆమె కోరిక.

సమాధుల తోటలో రాయి లేదు. వెస్ట్రీలోని రేకుపెట్టె తెరచి పాత భూస్థాపన రిజిష్టరు బయటికి తీశాము. ఆ సంవత్సరపు పేజీ దొరికినది గాని సగమే దొరికినది. మిగిలిన సగము చెదలు తినివేసినవి. తేదీ ఉన్నది, వయస్సు 34 అని ఉన్నది, ఇంటిపేరులో చివరి నాలుగు అక్షరములు ఉన్నవి. అంతే. ఆమె కోపపడలేదు. చాలాసేపు ఆ పేజీ మీద చెయ్యి పెట్టి నిలబడి, "రెండు వందల ఏండ్ల పాత పుస్తకములలో మా వాళ్ళను ఒక్కొక్కరినే వెదకి పట్టుకొంటూ వచ్చాను పాస్టరు గారూ, ఇక్కడ సగము పేజీలో పోగొట్టుకొన్నాను" అని అన్నారు. ఆ మాట మమ్మును సిగ్గుపరచినది. ఈ ప్రసంగము ఆనాడే మొదలైనది.

తరువాత రెండేండ్లకు ఒక వేదాంత సదస్సు నిమిత్తము మేము ఎడింబరో వెళ్ళవలసి వచ్చినది. ఆమెకు ఉత్తరము వ్రాస్తే ఆమె కూడ అక్కడికి వచ్చారు. సదస్సు అయిన తరువాత మిగిలిన నాలుగు రోజులు ఆమె ప్రక్కన కూర్చుండి వెదకుట ఎట్లో నేర్చుకొన్నాము. ఆ పట్టణపు నడిబొడ్డున రిజిష్టరు హౌస్ అను గొప్ప భవనము ఉన్నది. రాబర్ట్ ఆడమ్ అను శిల్పి గీసిన నమూనా ప్రకారము 1774లో దానికి పునాదిరాయి వేశారు. కేవలము పత్రములు దాచుట కొరకే ఒక దేశము అంత గుమ్మటముతో భవనము కట్టుకొన్నది. మేము ముందుగా నేర్చుకొన్న పాఠము అదే.

ఇక వెదకు పద్ధతి. అక్కడి మొదటి నియమము, తెలిసినవాని నుండి తెలియనివాని యొద్దకు, నేటి నుండి వెనుకకు నడువవలెను. చాలామంది దీనిని తలక్రిందులు చేస్తారు. ఎవరో ఒక రాజునో వీరునో పట్టుకొని, అక్కడినుండి తమ ఇంటివరకు మెట్లు దిగుదామని చూస్తారు. నడుమ మెట్లు ఉండవు. ఇంటిలోని కుటుంబ బైబిలు, పాత ఉత్తరములు, ముసలివారి జ్ఞాపకములు, వీటితో మొదలుపెట్టి ఒక్కొక్క తరమును రుజువు చేసికొంటూ పోవలెను. తండ్రి రుజువు కాకుండ తాత యొద్దకు పోరాదు.

స్కాట్లండులో 1855 జనవరి 1వ తేదీ నుండి జనన, మరణ, వివాహములను ప్రభుత్వమే నమోదు చేయుచున్నది. అందుకు ముందటి ఏడు చట్టము చేశారు. మొదటి ఏడు వారు ఎంత ఉత్సాహముతో పనిచేశారంటే, 1855 నాటి జనన పత్రములో తల్లిదండ్రుల వయస్సు, వారు పుట్టిన ఊరు, వివాహము జరిగిన తేదీ, స్థలము, అంతకుముందు పుట్టిన పిల్లల లెక్క కూడ వ్రాశారు. అంత పని గుమాస్తాలకు భారమై మరుసటి ఏడు చాలా వివరములు తగ్గించారు. తల్లిదండ్రుల వివాహపు తేదీని మాత్రము 1861 నుండి తిరిగి చేర్చారు. కాబట్టి తమ వంశములో ఎవరైనా 1855లో పుట్టినా, పెండ్లి చేసికొన్నా, చనిపోయినా వెదకువారికి అది పండుగే.

మరణ పత్రము విలువ మాకు అక్కడనే తెలిసినది. మనము మరణ పత్రమును ఆస్తి తగవులకే తీస్తాము. అక్కడ మరణ పత్రములో చనిపోయినవాని తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా వ్రాస్తారు. 1855లో ఎనుబది ఏండ్ల ముసలమ్మ చనిపోయినదనుకొనండి. ఆమె పుట్టినది 1775 ప్రాంతమున. ఆమె తల్లిదండ్రులు అంతకు ఎంతో ముందటివారు. ఒక్క కాగితము వంద ఏండ్ల వంతెన వేసినది. అయితే ఆ పేర్లు చెప్పినవాడు ఆమె కొడుకో పొరుగువాడో గనుక తప్పు చెప్పి ఉండవచ్చును. అందుచేత వేరొక పత్రముతో సరిచూడవలెను. జనాభా లెక్కలు ఇందుకు సాయపడతవి. 1841 నుండి ఇంటింటి పేర్లతో లెక్కలు ఉన్నవి. 1851 లెక్కలో పుట్టిన పారిషు పేరు కూడ ఉంటుంది. 1841లో పెద్దవారి వయస్సును అయిదుల లెక్కకు తగ్గించి వ్రాశారు. 34 ఏండ్లవాడు ఆ పుస్తకములో 30 ఏండ్లవాడే. ఇది తెలియక తికమకపడినవారు ఎందరో.

పారిషు అనగా ఒక దేవాలయము చుట్టునున్న ఊళ్ళ సముదాయము, మన పాస్టరేటు వంటిది. 1855కు వెనుకకు పోవలెనంటే ఆధారము ఆ పారిషు రిజిష్టరులే. సుమారు 900 పారిషుల నుండి సుమారు 3,500 పుస్తకములు మిగిలినవి. స్కాట్లండులో సంస్కరణము 1560లో జరిగినది. దానికి ముందే, 1552లో, అక్కడి కతోలిక సభ బాప్తిస్మములను వివాహ ప్రకటనలను వ్రాయవలెనని ఆజ్ఞాపించినది. నేడు మిగిలిన వాటిలో అన్నిటికంటె పాతది పెర్త్‌షైరులోని ఎరల్ అను పారిషు పుస్తకము. అది 1553లో మొదలగును. ప్రతి పారిషులోను పుస్తకము ఉంచవలెనని 1616లో ప్రీవీ కౌన్సిలు శాసించినది. శాసనము ఒకటి, నడత ఒకటి. కొన్ని పారిషులలో పుస్తకము 1600 తరువాతను, కొన్నిటిలో 1700 తరువాతను, ఉత్తరపు కొండసీమలోను దీవులలోను మరి ఆలస్యముగాను మొదలైనది.

ఆ పుస్తకములు వ్రాసినవాడు ఎవరు? సాధారణముగా ఆ ఊరి బడిపంతులు. అతడే సంఘపు పెద్దల సభకు గుమాస్తా. ప్రతి నమోదుకు కొద్దిపాటి రుసుము అతనికి ముట్టేది. ముద్రించిన గళ్ళు లేవు గనుక ఎవరికి తోచినట్లు వారు వ్రాశారు. మంచి గుమాస్తా అయితే బిడ్డ పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మపు తేదీ, తండ్రి పేరు, అతని వృత్తి, కాపురమున్న పాలెము, తల్లి పుట్టింటి పేరు, ఇద్దరు సాక్షులను వ్రాస్తాడు. సోమరి అయితే ఫలానావానికి ఒక బిడ్డ అని ఊరకుంటాడు. బిడ్డ పేరు లేదు, తల్లి ఊసే లేదు. అట్టి వరుసలు మేము కండ్లార చూశాము.

అక్కడి వాడుకలో మన తెలుగువారికి వింతగా తోచనివి రెండున్నవి. ఒకటి, వివాహమైన తరువాత కూడ స్త్రీ పుట్టింటి పేరు పత్రములలో పోదు. రెండు, పెద్ద కొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండవవానికి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి తల్లి తల్లి పేరు, రెండవ దానికి తండ్రి తల్లి పేరు పెట్టుట చాలా కుటుంబములలో ఆచారము. మనవనికి తాత పేరు పెట్టే మనకు ఇది వెంటనే అర్థమవుతుంది. పిల్లల పేర్ల వరుస చూచి తాత అవ్వల పేర్లు ఊహించవచ్చును. కాని అది చేతికర్ర వంటిది, సాక్ష్యము కాదు. ఒకే ఊరిలో ఒకే పేరు గలవారు నలుగురు ఉండుటకు కారణము కూడ ఆ ఆచారమే.

ఇంతవరకు దొరికినవారి సంగతి. ఇప్పుడు దొరకనివారి సంగతి చెప్పవలెను. అసలు మేము చెప్పవచ్చినది ఇదే. నాలుగు రోజులలో మాకు తెలిసినదేమనగా, పుస్తకములో లేనివారు ఊరక లేకపోలేదు. ప్రతి లోపమునకు ఒక కారణమున్నది.

మొదటి కారణము రొక్కము. 1783లో ప్రభుత్వము ప్రతి నమోదు మీద మూడు పెన్నీల పన్ను వేసినది. దరిక్రమునకు మినహాయింపు ఉన్నది గాని, మినహాయింపు కావలెనంటే తాను దరిద్రుడనని ఊరిలో ఒప్పుకొనవలెను. అభిమానము గల కూలివాడు పన్ను కట్టలేడు, బిచ్చగాడనని చెప్పుకొనలేడు. బిడ్డకు బాప్తిస్మము ఇప్పించి పుస్తకము జోలికి పోకుండ ఇంటికి పోయినాడు. 1794లో ఆ పన్ను తీసివేశారు. కాని ఆ పదకొండు ఏండ్లలో పుట్టిన ఎందరో బిడ్డలు పుస్తకమునకు ఎక్కలేదు. కొందరు తండ్రులు చాలా ఏండ్ల తరువాత వచ్చి, తమ పిల్లలందరి పేర్లు ఒక్కనాడే వరుసగా వ్రాయించారు. అట్టి పేజీ చూచినప్పుడు ఆ తండ్రి చేతిలో ఆనాటికి నాలుగు పెన్నీలు ఆడినవని సంతోషము కలిగినది.

రెండవ కారణము తగవు. ఆ పుస్తకములు దేశపు అధికార సంఘమైన చర్చ్ ఆఫ్ స్కాట్లండువి. 1733లో ఒక వర్గము విడిపోయినది. 1761లో మరియొకటి. 1843లో గొప్ప చీలిక వచ్చి నాలుగు వందల డెబ్బదికి పైగా గురువులు తమ జీతములను, ఇండ్లను విడిచి ఫ్రీ చర్చిగా ఏర్పడినారు. విడిపోయినవారి పిల్లలు పాత పుస్తకమునకు ఎక్కుట అరుదు. వారి సంఘములు వేరే పుస్తకములు ఉంచుకొన్నవి. వాటిలో కొన్ని మిగిలినవి, కొన్ని పోయినవి. పెద్దల మనస్సాక్షి ఎంత గొప్పదైనను, వారి తగవుకు మనుమల మనుమలు నష్టము చెల్లించవలసి వచ్చినది. మన సంఘములలో రెండు జట్లు ఏర్పడి, రిజిష్టరు ఒక జట్టువారి ఇంటిలోను, సీలు మరియొక జట్టువారి ఇంటిలోను ఉండుట మీరు చూడలేదా? చూచినవారు చెయ్యి ఎత్తనక్కరలేదు.

మూడవ కారణము ఖర్చు లేని అజాగ్రత్త. తడి, ఎలుకలు, అగ్ని, మరచిపోయిన గుమాస్తా. మరణముల విషయములో ఇది మరీ ఎక్కువ. చాలా పారిషులు భూస్థాపన పుస్తకమే ఉంచలేదు. అయితే శవపేటిక మీద కప్పు నల్లని వస్త్రము సంఘపు ఆస్తి. దానిని అద్దెకు ఇచ్చి, ఆ సొమ్మును బీదల నిధిలో జమ కట్టేవారు. ఆ జమ లెక్కలో ఫలానావాని వస్త్రమునకు ఇంత అని ఒక వరుస ఉంటుంది. ఆ మనిషి చనిపోయినాడనుటకు అనేకచోట్ల మిగిలిన రుజువు అంతే. అద్దె ఇచ్చుకొనలేని కుటుంబము ఆ లెక్కలో కూడ కనబడక పోవచ్చును. వివాహములకు కూడ పెండ్లి పుస్తకము కంటె ప్రకటనల పుస్తకమే ఎక్కువ. ప్రకటన జరిగినంత మాత్రమున పెండ్లి జరిగినట్లు కాదని వెదకువారు గుర్తుంచుకొనవలెను.

నాలుగవ కారణము సిగ్గు. దీనిని గూర్చి కొంచెము నెమ్మదిగా చెప్పుతాము.

ప్రతి పారిషులోను గురువు, పెద్దలు కలిసిన సభ ఒకటి ఉండేది. దానికి కర్క్ సెషన్ అని పేరు. బీదలకు ధాన్యము, డబ్బు పంచుట, బడి చూచుట, ఊరు మారువారికి నడవడి పత్రము ఇచ్చుట, తప్పు చేసినవారిని విచారించుట వారి పని. పెండ్లి కాకుండ గర్భవతి అయిన స్త్రీని పిలిపించి, తండ్రి ఎవరని అడిగి, సాక్షులను విచారించి, అంతయు మినిట్సు పుస్తకములో వ్రాసేవారు. తరువాత ఆదివారము సంఘమంతటి యెదుట పశ్చాత్తాప పీఠము మీద నిలబెట్టి గద్దించేవారు. బాప్తిస్మపు పుస్తకములో తండ్రి పేరు లేని బిడ్డకు తండ్రి ఎవరో ఈ మినిట్సులో దొరుకుతుంది. ఈ పుస్తకముల చాయాచిత్రములు పది లక్షలకు పైగా పేజీలు 2021 నుండి కంప్యూటరు మీద చూచుటకు వీలుపడినది.

అక్కడి మహాకవి రాబర్ట్ బర్న్స్ పేరు మీరు వినియుంటారు. ఆయన 1759 జనవరి 25న పుట్టినాడు. ఎయిర్ పారిషు పుస్తకములో ఆయన బాప్తిస్మపు వరుస ఉన్నది. తండ్రి, తల్లి, ఊరు, గురువు, ఇద్దరు సాక్షులు, అన్నియు చక్కగా ఉన్నవి. ఆ కవి పేరే 1786లో మాక్లిన్ పారిషు పెద్దల పుస్తకములో మరియొక విధముగా కనబడుతుంది. జీన్ ఆర్మర్ అను ఆమె ఆయన వలన గర్భవతి అయినది. ఇద్దరిని గద్దించారు. కవిగారికి మాత్రము పీఠము ఎక్కకుండ తన కూర్చొను స్థలములోనే నిలబడుటకు అనుమతి దొరికినది. చివరకు 1788 ఆగస్టులో వారు భార్యాభర్తలని పెద్దల సభ అంగీకరించి వ్రాసుకొన్నది. అప్పుడు ఆయన బీదల కొరకు ఒక గినీ ఇచ్చినాడు. దేశము తలపై పెట్టుకొన్న కవి జీవితము ఒకచోట బాప్తిస్మముగా, ఒకచోట గద్దింపుగా, ఒకచోట వివాహముగా వ్రాయబడి ఉన్నది. ఎవరును ఆ పేజీ చింపివేయలేదు.

మా పెద్దమ్మగారికి మూడవ రోజున అట్టి పేజీయే ఎదురైనది. ఆమె వంశములో ఒకని బాప్తిస్మపు వరుసలో తండ్రి పేరు లేదు. పెద్దల పుస్తకము తెరచి చూస్తే ఆ తల్లి సంగతి ఆరు పేజీలు ఉన్నది. పందొమ్మిది ఏండ్ల పాలికాపు పిల్ల. ఆమె చూపించిన మనిషి కాదన్నాడు. ఆమెను మూడు ఆదివారములు నిలబెట్టారు. ఆ మనిషి మరియొక పారిషునకు వెళ్ళిపోయినాడు. అది చదివి పెద్దమ్మగారి ముఖము ఎర్రబడినది. అయితే ఆ పుస్తకము అక్కడితో ముగియలేదు. తరువాతి చలికాలము అదే సభ ఆమెకు పిండి, బొగ్గు ఇచ్చినట్లు ఉన్నది. ఇంకను కొన్ని ఏండ్లకు ఆ పిల్లవాని బడి రుసుము కట్టినట్లు ఉన్నది. మద్రాసుకు వచ్చి చనిపోయిన రైలుదారి మనిషి ఆ పిల్లవాని మనుమడే.

పెద్దమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకొని, "మా ఇంటిలో ఈమె పేరు ఎవరును ఎత్తగా నేను వినలేదు. పుస్తకములో ఉన్నది గనుక ఈమె నాకు దొరికినది" అని మాత్రము అన్నారు.

ఆ పీఠమును మేము మెచ్చుకొనుట లేదు. బీద పిల్లను నిలబెట్టి, కాదన్నవానిని పోనిచ్చిన న్యాయము క్రీస్తు న్యాయము కాదు. కాని ఆ పెద్దలు ఒక మేలు చేశారు. ఆమెను లేనిదానిగా చేయలేదు. మత్తయి సువార్తలోని వంశావళిలో కూడ తామారు ఉన్నది, రాహాబు ఉన్నది, ఊరియా భార్య ఉన్నది. వ్రాసినవాడు వారిని దాటిపోవచ్చును. దాటిపోలేదు.

ఇప్పుడు మా సంగతి చెప్పుకొనవలెను. ఇంతసేపు ఇతరుల పుస్తకములలోని తప్పులు చూపినవారము గదా.

వేదాంత కళాశాలలో చదువు ముగించి మేము మొదట వెళ్ళిన పల్లె సంఘములో, పెండ్లి కాని ఒక తల్లి తన బిడ్డకు బాప్తిస్మము అడిగినది. పెద్దలు మొదట ఒప్పుకొనలేదు. తరువాత వారిలో ఒకరు, "బాప్తిస్మము ఇయ్యండి అయ్యగారూ, పుస్తకములో మాత్రము వ్రాయవద్దు. పుస్తకమునకు మచ్చ" అని అన్నారు. మాకు అప్పటికి ఇరవై ఏడేండ్లు. సంఘములో మొదటి సంవత్సరము. ఊరక గొడవ ఎందుకని ఒప్పుకొన్నాము. నీళ్ళు పోసిన చెయ్యి కలము పట్టలేదు.

పదహారు ఏండ్ల తరువాత ఆ పిల్ల మమ్మును వెదకుకొంటూ వచ్చినది. చదువు విషయములో పుట్టిన తేదీకి రుజువు కావలసి వచ్చి, ఆ సంఘమునకు వెళ్ళి అడిగినదట. అప్పటి గురువు పుస్తకమంతయు త్రిప్పి చూచి, నీ పేరు లేదమ్మా అని చెప్పి పంపినారు. ఆయన తప్పు ఏమియు లేదు. పిల్ల మా వరండాలో నిలబడి, "అయ్యగారూ, మీరే ఇచ్చారని అమ్మ చెప్పినది. ఇచ్చారా, ఇయ్యలేదా?" అని అడిగినది. ఇచ్చామమ్మా అన్నాము. "మరి వ్రాయలేదేమి?" అన్నది. ఆ ప్రశ్నకు మేము నేర్చిన వేదాంతములో జవాబు దొరకలేదు. ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో, వంశావళి పత్రికలలో తమ పేర్లు వెదకి దొరకక యాజకత్వము నుండి తొలగింపబడినవారిని గూర్చి చదువుతాము. ఆ వచనమును ఎన్నోసార్లు చదివాము. పేరు వ్రాయని గుమాస్తా ఎవరని మాత్రము ఎన్నడును ఆలోచించలేదు.

ఆ పిల్ల ప్రశ్నకు దారి మేము ఎడింబరోలో చూచిన ఒక పుస్తకము చూపినది. ప్రభుత్వ నమోదు మొదలైన తరువాత అక్కడివారు, పాత పారిషు పుస్తకములకు ఎక్కక విడువబడిన వారి సంగతి విచారించారు. 1801 నుండి 1854 వరకు జరిగినట్లు రుజువైన జనన, మరణ, వివాహములను ఒక ప్రత్యేక పుస్తకములో చేర్చారు. దాని పేరు మన భాషలో చెప్పవలెనంటే విడువబడిన నమోదుల పుస్తకము. పాత పేజీని దిద్దలేదు, నడుమ ఇరికించి వ్రాయలేదు. మేము విడిచిపెట్టాము, ఇప్పుడు చేర్చుచున్నాము అని తేదీ వేసి ఒప్పుకొన్నారు.

మేము మా పూర్వ సంఘమునకు వెళ్ళి, ఆ తల్లిని, బ్రతికియున్న ఒక పెద్దను సాక్షులుగా పెట్టుకొని, బిషపు గారి అనుమతితో, రిజిష్టరు చివర వేరుగా ఆ బాప్తిస్మమును వ్రాశాము. ఆలస్యమునకు కారణము "గురువు అజాగ్రత్త" అని వ్రాసి మేమే సంతకము చేశాము. ఆ పెద్దాయన ఆనాడు వ్రాయవద్దన్నవారే. సంతకము చేసి, చెయ్యి దులుపుకొని, "మచ్చ పుస్తకమునకు కాదయ్యగారూ, మనకే" అని అన్నారు.

మరి ఆ రైలుదారి మనిషి సంగతి ఏమైనది? ఆనాడు మద్రాసు రాజధానిలోని చాప్లెయినులు తమ రిజిష్టరుల ప్రతులను లండనుకు పంపేవారు. అవి ఇప్పుడు అక్కడి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. గ్లాస్గోలో 1761లో పుట్టి, మన రాయలసీమ ప్రజల మన్నన పొంది, 1827లో పత్తికొండలో వాంతిభేదితో చనిపోయిన థామస్ మన్రో వంటి గొప్పవారికి చరిత్ర గ్రంథములున్నవి. పేరులేని చిన్న ఉద్యోగులకు, సిపాయిలకు ఆ ప్రతులే దిక్కు. పెద్దమ్మగారు స్వదేశమునకు తిరిగిపోవుచు లండనులో దిగి వెదకినారు. చెదలు తిన్న సగము పేజీలోని పేరు అక్కడ పూర్తిగా దొరికినదని మాకు ఉత్తరము వ్రాశారు. మేము దేవుని స్తుతించాము.

స్తుతించిన తరువాత మాకు ఒక ఆలోచన వచ్చి నిద్ర పట్టలేదు. ఆ ప్రతులలో ఉన్నది ముఖ్యముగా ఐరోపావారు, ఆంగ్లో ఇండియనులు. ఆ చెదలు తిన్న పేజీలో దొరగారి పేరు క్రింద ఇంకను మూడు వరుసలు ఉండేవి. చివర మిగిలిన అక్షరములను బట్టి వారు మన తెలుగు విశ్వాసులు. ఒకరి వృత్తి గడిలో "కూలి" అన్న మాట మిగిలినది. వారి కొరకు లండనులో ప్రతి లేదు. స్కాట్లండు పల్లెల పుస్తకములను చట్టము ప్రకారము ఎడింబరోకు చేర్చి గుమ్మటము క్రింద పెట్టుకొన్నారు. మన పల్లెల పుస్తకములకు ఎడింబరో లేదు. మన రేకుపెట్టెయే వారి రిజిష్టరు హౌస్. దానిలో చెదలు పడితే ఆ మనిషి రెండవసారి చనిపోయినట్లే.

మన మొదటి విశ్వాసులలో అనేకులకు పొలము లేదు, పట్టా లేదు, శిలాశాసనము లేదు. ఊరిలో వారిని పూర్తి పేరుతో పిలిచినవారు తక్కువ. వారి పేరు గౌరవముగా, తండ్రి పేరుతో సహా, మొదటిసారి కాగితము మీద పడినది బాప్తిస్మపు పుస్తకములోనే. నూరేండ్ల పండుగకు దేవాలయమునకు రంగులు వేశాము, పందిరి వేశాము. ఆ పేర్లు ఉన్న పుస్తకమునకు ఒక అట్ట వేశామా?

అందుచేత సంఘస్థులైన మీకు మా మనవులు నాలుగు. మొదటిది, ఈ నెలలోనే మీ సంఘపు పెద్దలు పెట్టె తెరచి ఏయే సంవత్సరముల పుస్తకములు ఉన్నవో, ఏవి లేవో జాబితా వ్రాయవలెను. ఎవరి ఇంటిలోనైనా పాత పుస్తకము ఉండిపోతే, ఎట్లు వచ్చినదని అడుగకుండ తిరిగి తీసికొనవలెను. రెండవది, ప్రతి పేజీని యౌవనస్థులు ఫోటో తీసి ఒక ప్రతి అధ్యక్ష మండల కార్యాలయములో ఉంచవలెను. మూడవది, డెబ్బది ఏండ్లు దాటినవారి యొద్ద కూర్చుండి వారి తాత, అవ్వ, పుట్టింటి పేరు, వచ్చిన పల్లె అడిగి వ్రాసికొనవలెను. ముసలివారు ఊరక మాట్లాడుతారని విసుగుకొనవద్దు. వారు పోయిన తరువాత విసుగుకొనుటకు కూడ ఎవరును ఉండరు.

నాలుగవది, ప్రతి సంఘములో ఒక విడువబడిన నమోదుల పుస్తకము తెరవవలెను. రుసుము కట్టలేక, జట్టు తగవులలో, గురువు అజాగ్రత్త వలన, పెద్దల సిగ్గు వలన పుస్తకమునకు ఎక్కనివారు మీ ఊరిలో ఉన్నారు. మీకు తెలుసు. సాక్షులు బ్రతికి ఉండగానే వారిని పిలిచి, తేదీ వేసి, కారణము దాచకుండ వ్రాయండి. ఈ పనికి రుసుము పుచ్చుకొనవద్దు, ఒక్క రూపాయి కూడ వద్దు. మూడు పెన్నీలు ఏమి చేసినవో విన్నారు గదా.

దేవుని యొద్దనున్న గ్రంథములో ఎవరి పేరును తప్పిపోదని మనము నమ్ముతాము. ఆ గ్రంథము వ్రాయుట మన పని కాదు. ఈ రేకుపెట్టెలోనిది మాత్రము మన పనే. మరియొక నూరేండ్లకు ఎవరో ఒక పిల్ల మీ దేవాలయపు మెట్లెక్కి వచ్చి, మా అవ్వ పేరు ఉన్నదా అని అడుగుతుంది. ఉన్నదమ్మా, కూర్చో, చూపిస్తాను అని ఆనాటి గురువు చెప్పగలుగునట్లు దేవుడు మనకు సహాయము చేయును గాక. ఆమెన్.